కిటికీ పక్క బెంచీ నుంచి వచ్చిన జవాబు

ఆ రోజు నేను అబద్ధం ఆడాను. నోటి నుంచి రావడానికి క్షణం పట్టని అబద్ధం. దానివల్ల ఒక మంచి కుర్రాడు పిచ్చివాడనిపించుకున్నాడు. జరిగిన వింత కంటే ఆ అబద్ధమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి ముందు దాన్ని ఒప్పుకుంటున్నాను.

నేను గుంటూరు దగ్గర ఒక యూనివర్సిటీ కాలేజీలో బి.ఎడ్. విద్యార్థులకు పాఠాలు చెబుతాను. పిల్లలు బడి ఎందుకు మానేస్తారన్న విషయం మీద పరిశోధన కూడా చేశాను. దెయ్యాలు, ఆత్మలు నాకు పడవు. మా అమ్మ పోయినప్పుడు రాత్రంతా దీపం ఎందుకని ఇంట్లోవాళ్ళతో వాదించినవాణ్ణి. ఇప్పటికీ ఆ నమ్మకాలేవీ లేవు. కానీ ఆ మధ్యాహ్నం విన్నది మాత్రం విన్నాను.

మా విద్యార్థులు కొన్నాళ్ళు ఊళ్ళలోని బడులకు వెళ్ళి పిల్లలకు పాఠం చెప్పాలి. దాన్ని టీచింగ్ ప్రాక్టీస్ అంటాం. అది పూర్తికాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నాలాంటి సూపర్‌వైజరు వెనక కూర్చుని చూడాలి. పాఠం ఎంత పాడవుతున్నా మధ్యలో లేవకూడదు, పిల్లల ముందు చెప్పేవాణ్ణి ఒక్క మాట అనకూడదు. వాళ్ళ దగ్గర గౌరవం పోతే ఆ క్లాసు ఇక అతనికి దక్కదు. ఈ సంగతి ఏటా మా విద్యార్థులకు నేర్పేది నేనే.

దావీదు మా దగ్గర చదువుతున్నవాడు. తండ్రి మిరప కల్లాల్లో కూలి. ఆ ఇంట్లో టీచరు కాబోతున్న మొదటి మనిషి. అతన్ని వేసిన హైస్కూలు పత్తి, మిరప చేల మధ్య ఉంటుంది. కోతల కాలం కావడంతో ఏడో తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

దావీదు నేలల పాఠం బాగానే మొదలుపెట్టాడు. కానీ ప్రశ్న అడిగినప్పుడల్లా కిటికీ పక్కన ఖాళీ బెంచీ వైపు చూసి ఆగేవాడు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల ఊపి, "మంచిది, కూర్చో" అనేవాడు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. లేచాను.

"ఏమయ్యా, పిల్లలు ఇక్కడుంటే బెంచీలకు చెబుతున్నావేంటి పాఠం?"

క్లాసు గొల్లుమంది. అతను చాక్‌పీసు నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. ఎలా చెప్పాలో చూపిద్దామన్న పొగరుతో పాఠం నేనే అందుకున్నాను. నల్లరేగడి నేల ఎండితే ఎందుకు బీటలు వారుతుందని అడిగి, బోర్డు మీద బొమ్మ వేయడానికి తిరిగాను.

"తడికి ఉబ్బిన నేల ఎండాక ముడుచుకుంటది సార్."

ఆడపిల్ల గొంతు. కిటికీ వైపు నుంచి వచ్చింది. చక్కటి జవాబు. బొమ్మ వేస్తూనే "శభాష్, కూర్చో" అన్నాను. ఎవరో కూర్చున్నట్టు బెంచీ కిర్రుమంది. తిరిగి చూశాను. అక్కడ ఎవరూ లేరు.

ముందు బెంచీలో ఒక గడుగ్గాయి అడిగాడు. "ఎవరికి సార్ శభాష్?"

వాడు ఏమీ వినలేదని మొహం చూస్తేనే తెలిసింది. దావీదు నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగాడు. "మీక్కూడా చెప్పిందా సార్?" ఆ గొంతులో భయం లేదు, ఊరట ఉంది. ఇన్నాళ్ళూ తనొక్కడే వింటున్నానని అతను ఎంత నలిగిపోయాడో నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యీ ఇలా అన్నాను.

"ఎవరు చెప్పారయ్యా? నాకేం వినపడలేదు. శభాష్ అన్నది నీకు, ఎగతాళిగా. ఇంటికెళ్ళి తలకు కాస్త చల్లటి నూనె పెట్టుకో."

పిల్లలు మళ్ళీ నవ్వారు. దావీదు నవ్వేవాళ్ళను చూడలేదు. నన్నే చూశాడు.

మర్నాటి నుంచి అతను బడికి రాలేదు. పిల్లలు అతనికి దెయ్యం సారని పేరు పెట్టారట. విషయం మా కాలేజీ దాకా వచ్చింది. కుర్రాడి మనసు సరిగా లేదేమోనని ప్రిన్సిపాల్ గారు నన్ను అడిగితే, నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. అతన్ని ప్రాక్టీస్ నుంచి ఆపేశారు.

ఆ ఆడపిల్ల గొంతు నన్ను వదల్లేదు. మళ్ళీ ఆ బడికి వెళ్ళి, కిటికీ పక్కన ఎవరు కూర్చునేవారని క్లాసు టీచరుగారిని అడిగాను. దుర్గ అనే అమ్మాయట. తల్లితో కలిసి ప్రకాశం జిల్లా వైపు మిరప కోతలకు వెళ్ళిందట. ఆ పిల్లకు ఏదో జరగరానిది జరిగిందనుకుని, తల్లికి ఫోన్ చేశాను. నేనెవరినో చెప్పి, పిల్ల కులాసాయేనా అని మాత్రం అడిగాను. క్లాసులో జరిగింది చెప్పలేదు.

"బానే ఉంది సార్. ఇదిగో, నా పక్కనే కోస్తంది" అంది ఆమె. తనే మళ్ళీ అంది. "కాయలు కోస్తా కోస్తా ఉన్నట్టుండి లేచి నిలబడుద్ది సార్. ఏందే అంటే, సారు అడిగారు అంటది. ఎండదెబ్బేమోనని మజ్జిగ తాగిస్తన్నా."

దావీదు తీరు చూసి నేనూ భ్రమపడ్డానని అంతవరకూ సర్దిచెప్పుకుంటున్నాను. ఆ తర్వాత ఏ సర్దుబాటూ నిలవలేదు. ఇంతకీ అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. దావీదు, నేను ఆ తల్లిని బతిమాలాక దుర్గ అమ్మమ్మ దగ్గర ఉండి బడికి వస్తోంది. ఆ పిల్లను దీని గురించి అడిగే ధైర్యం మాత్రం నాకు రాలేదు.

ఇవన్నీ కుదరకముందే, ఫోన్ పెట్టేసిన రోజే, ప్రిన్సిపాల్ గారికి నిజం చెప్పాను. ఆయన నన్ను వింతగా చూసి, "మీరు కూడానా మాస్టారూ?" అన్నారు. అయినా దావీదును మళ్ళీ పంపడానికి ఒప్పుకున్నారు. అటునుంచి దావీదు ఊరు వెళ్ళాను. కల్లంలో తండ్రితో పాటు మిరపకాయలు ఆరబోస్తున్నాడు. క్షమించమని అడిగాను. అతను పని ఆపలేదు.

"నాతో చెబితే ఏం లాభం సార్? నవ్వింది పిల్లలు. రేపు నేను నిలబడాల్సింది వాళ్ళ ముందు."

మర్నాడు ఇద్దరం ఆ క్లాసుకు వెళ్ళాం. "ఆ రోజు అబద్ధం చెప్పింది దావీదు సారు కాదు, నేను. జవాబు నాక్కూడా వినపడింది. ఒప్పుకుంటే మీ ముందు పరువు పోతుందని దాచాను" అన్నాను. ముందు బెంచీలోని ఆ గడుగ్గాయి లేచాడు.

"మేం అబద్ధమాడితే గోడకుర్చీ వేయిస్తారు సార్. మరి మీకు?"

దావీదు వాణ్ణి కూర్చోమనలేదు. నా వైపూ చూడలేదు. బోర్డు తుడుస్తున్నాడు. నేను వెనక్కి వెళ్ళి, గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచాను. కాళ్ళు వణకడం మొదలైంది. ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు. దావీదు చాక్‌పీసు తీసుకుని పాఠం మొదలుపెట్టాడు.