నాయనమ్మ ఉతకని ముక్క

బొంత కప్పుకొని పెరిగిన నా ఈడు వాళ్లకే ఇది అర్థమవుతుంది. నల్లగండ్ల ఫ్లాట్‌లో ఈ ఉదయం, బొంతకని కత్తిరించిన కొత్త గుడ్డముక్కలను వాషింగ్ మెషీన్‌లో వేశాను. తీసేసరికి అంచులు ఊడి, పోగులన్నీ ఉండకట్టాయి.

ఖాజాగూడలో మా నాయనమ్మ ప్రతి ముక్కకూ చుట్టూ అంచు కుట్టాకే కుంకుడు రసంలో నానేసేది. "గిట్ల కుట్టకుంటే ఉతుకుల పోగులన్ని ఊడుతయ్ బిడ్డా" అనేది.

తాత చనిపోయిన ఏడాది నాయనమ్మ ఆయన అంగీలోంచి ఒక ముక్క కత్తిరించింది. దానికీ ఓపిగ్గా అంచు కుట్టింది. బకెట్ దగ్గరికి తీసుకెళ్లి, ముంచబోయి వెనక్కి తీసుకుంది.

"గిది వద్దు. ఆయన వాసన పోతది."

ఆ ముక్కను ఉతక్కుండానే, బొంతలో తన చెంప ఆనే చోట కుట్టుకుంది.