సాకు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. కానీ ఇది నా వంటింట్లో, పట్టపగలు జరిగింది.

నా పుట్టిల్లు వికారాబాద్ దగ్గర. తాండూరుకు మా ఆయనకు రెండో భార్యగా వచ్చాను. మొదటి ఆమె సేడం వైపు పిల్ల, ఇంట్లో కన్నడమే మాట్లాడేదట. జ్వరంతో పోయింది. నేనామెను చూడలేదు. ఆమె చేతి వంట గురించి వాడకట్టంతా చెప్తుంటే నాకు ఒళ్ళు మండేది. గోడ మీది ఆమె ఫోటో తీసి బీరువాలో బట్టల కింద పెట్టింది నేనే.

నిరుడు మా ఆయనకు పేగు మెలిపడింది. వికారాబాద్‌లో ఆపరేషన్ చేసి చిన్నపేగులో చాలా భాగం తీసేశారు. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"కడుపుకు 'ఇగ చాలు' అని చెప్పే పేగే పోయిందమ్మా. కొన్ని నెలలు యాసిడ్ ఎక్కువ ఊర్తది. మందులు ఆపకు, తిండి జరంత జరంత పెట్టు."

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఆయనకు జొన్నగంజి పోస్తున్నాను. రెండో గరిటె దగ్గర నా వెనక నుంచి ఆడగొంతు "సాకు" అంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. వీధి తలుపు గడియ పెట్టే ఉంది.

భయం కన్నా ముందు రోషం వచ్చింది. నా మొగుణ్ణి సాకమని నాకొకరు చెప్పాలా? ఇంకో రెండు గరిటెలు పోశాను. పొద్దుగూకే దాకా ఆయన గుండెల్లో మంటతో మెలికలు తిరిగారు. పుల్లటి నీళ్ళు కక్కుకున్నారు. మూడు రోజులు అదే మాట, అదే నా మొండితనం.

నాలుగో రోజు పక్కింటి కన్నడం అవ్వతో, ఎవరో నన్ను సాకు సాకు అని పోరుతున్నారని చెప్పుకున్నాను. అవ్వ నవ్వింది.

"సాకంటే మా భాషల చాలు అని, బిడ్డా."

ఇంటికెళ్ళి, అది మొదటి ఆమె మాటేనా అని ఆయన్ని అడిగాను.

"నీగ్గూడ ఇనొచ్చిందా?" అన్నారు.

అప్పట్నుంచి ఆ మాట వినపడగానే గరిటె ఆపేదాన్ని. ఒకరోజు ఒక గరిటెకే, ఇంకోరోజు మూడింటికి. ఆపిన రోజు మంట లేదు. కొన్ని నెలలకు యాసిడ్ తగ్గింది, మందులూ తగ్గించారు. కడుపు అలవాటు పడిందన్నది డాక్టరమ్మ. కావచ్చు. ఆ వారం నుంచే గొంతు కూడా ఆగిపోయింది.

కన్నడం ముక్క రాని నాకు ఆ మాట ఎలా వినిపించిందో ఇప్పటికీ చెప్పలేను. వండేది నేను, పెట్టేది నేను. ఆయన కడుపు ఎంతకు నిండుతుందో మాత్రం ఆమెకే తెలుసు.

ఫోటో ఇంకా బీరువాలోనే ఉంది.