కుంటలో నీళ్ళు ఆగిన రోజు

నీగాత కొండల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళు ముందు కుంట ఎక్కడో చూసుకుని తర్వాతే గోడల సంగతి చూస్తారు. చలికాలంలో కప్పు మీద పేరుకున్న మంచును దొర్లించడానికి కుంట ఇంటి పక్కనే ఉండాలి. కొండ ఊట నుంచి వెదురు గొట్టంలో దిగే గోరువెచ్చని నీళ్ళు ఎడతెగకుండా అందులో పడుతూ, ఎంత మంచు వేసినా కరిగించేస్తాయి. ఆ నీళ్ళ అడుగున రంగు చేపలు మేత ముట్టకుండా, కదలకుండా వసంతం దాకా పడుకుంటాయి. మనుషులకా సుఖం లేదు.

ఇత్సుయే ఆ కొండకు కోడలై వచ్చి పదహారేళ్ళు. కింద వరిపొలాల ఊరి పిల్ల. వచ్చిన మొదటి చలికాలంలో పాపం చేపలకు ఆకలేస్తుందేమోనని గుప్పెడు అన్నం వేసి నాలుగింటిని చంపింది. చలిలో తిన్నది అరగక వాటి కడుపులోనే కుళ్ళుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిట్టడానికి మాత్రం ఇల్లంతా లేచింది. 'కింది ఊరి చెయ్యి' అన్న పేరు అప్పుడే అంటుకుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చూసినా వదల్లేదు. దాంతో ఆమె ఒకటి బాగా నేర్చుకుంది, తప్పు జరిగితే ఎవరికీ తెలియకముందే సర్దేయడం.

ఆ ఏడాది నవంబరులో మొగుడు కునిజో, ఊళ్ళో వయసు మగాళ్ళందరిలాగే, సాకే అనే బియ్యపు మద్యం కాచే పనికి పట్నం పోతూ ఒక్కటే చెప్పాడు. "పెద్దక్క నీ చేతుల్లో ఉంది."

పెద్దక్క అంటే ఆ ఇంటి తల్లి చేప. తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు, చెయ్యంత పొడుగు, తొమ్మిదేళ్ళ వయసు. పోయిన మామగారు ముప్పై ఏళ్ళు ఏరి ఏరి సాధించిన రంగుకు మిగిలిన ఆడది అదొక్కటే. మే నెలలో అది గుడ్లు పెడితేనే ఆ రంగు నిలుస్తుంది.

జనవరిలో మూడు రోజులు తెరిపి లేకుండా మంచు కురిసింది. నాలుగో రోజు పొద్దున ఇత్సుయేకు మెలకువ వచ్చేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ధార చప్పుడు లేదు. పరిగెత్తి చూస్తే గొట్టం మూతిన చుక్క లేదు. పైన ఎక్కడో మంచు పెళ్ళ విరిగిపడి గొట్టం ఊడిపోయి ఉంటుంది.

మంచుచెప్పులు కట్టుకుంటుంటే పక్కింటి ముసలాయన గోన్షిరో చెక్కపార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే బయల్దేరావ్? మొగుడి మీద గాలి మళ్ళిందా?"

"అవును బాబాయ్. వస్తూ నీకో సీసా పట్టుకొస్తాలే."

"సీసా తర్వాత, ముందు మీ కప్పు చూడు. ఇవాళ మంచు దింపకపోతే మీ అత్త నెత్తిన కూలుద్ది. మా ఇల్లు కానిచ్చి నలుగురం వచ్చేస్తాం."

అప్పుడు నోరు తెరిచి 'నీళ్ళు ఆగిపోయాయి బాబాయ్' అంటే సరిపోయేది. అనలేకపోయింది. నడిచలికాలంలో కుంట నీళ్ళు ఆగనిచ్చిన ఇల్లాలంటే ఆ ఊళ్ళో నవ్వుకోని నోరుండదు. అందులోనూ కింది ఊరిది. "సాయంత్రం రండి బాబాయ్" అని మాత్రం అని కొండెక్కింది. మధ్యాహ్నానికల్లా నీళ్ళు దింపేస్తాననుకుంది.

రొమ్ముల్లోతు మంచులో ఈదినట్టే పైకి పోయింది. గొట్టం రెండుచోట్ల ఊడి ఉంది. వేళ్ళు కొంకర్లు పోతుంటే గడ్డితాడుతో బిగించి, తలగుడ్డ చింపి అతుకుల్లో కుక్కింది. నీళ్ళు గలగలమని కిందికి సాగాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది, ఆనందంతోనే.

కిందికి దిగేసరికి గోన్షిరో ఆమె ఇంటి కప్పు మీద నిలబడి చెయ్యూపుతున్నాడు. "ఆకాశం మళ్ళీ మూసుకొస్తోందని ముందే వచ్చాం అమ్మాయ్! అద్దంలా చేసిపెట్టాం!"

కుంట ఉన్నచోట చూరును తాకే మంచుగుట్ట ఉంది. అది కరగాలంటే ఇంకో రెండు రోజులు పట్టేలా ఉంది.

"బాబాయ్..." ఆమె మంచుగుట్ట వైపు చెయ్యి చూపింది. "నీళ్ళు... పొద్దుట్నుంచీ ఇప్పటిదాకా నీళ్ళు లేవు బాబాయ్."

ముసలాయన కేకేశాడు. "ఓసి పిచ్చిదానా! ఒక్క ముక్క చెప్పుంటే అవతలికి దొర్లించేవాళ్ళం కదే!"

తిడుతూనే కప్పు మీంచి జారి దూకాడు. అందరూ తవ్వారు. పార అంచు తగిలితే చేప చీలిపోతుందని అడుగుకు వచ్చాక చేతులతో, అన్నం గిన్నెలతో తోడారు. నీళ్ళు కాదది, మంచు జావ. అందులో పక్కకి ఒరిగి పడుంది పెద్దక్క. మొప్ప కదిలింది. చాలాసేపటికి మళ్ళీ ఒకసారి కదిలింది.

ఇత్సుయే నడుముదాకా ఆ జావలో దిగింది. చేపను రెండు చేతుల్లో నిలబెట్టి, మూతి ధారకేసి తిప్పి పట్టుకుంది. గోన్షిరో కోడలు బయటికి రమ్మని అరిచినా రాలేదు. కాళ్ళు తన కాళ్ళలా లేవు. "తాగవే, నీ కాళ్ళు పట్టుకుంటా, తాగవే" అని గొణుగుతూనే ఉంది. చాలాసేపు మొప్ప కోసం ఎదురుచూసింది. అది ఇంక కదల్లేదు. వాళ్ళే ఆమెను పైకి లాగారు.

పొయ్యి పక్కన మంచాన పడున్న అత్త మినో అంతా విన్నది. కోడలి చేతులు తన దుప్పటి కిందికి లాక్కుంది. గొంతు తగ్గించి చెప్పింది.

"కునిజో కడుపులో ఉన్న ఏడాది నాక్కూడా ఆగాయే నీళ్ళు. పదకొండు చేపలు. నక్క ఎత్తుకుపోయిందని చెప్పా మీ మామకి. చచ్చేదాకా ఆయన నక్కల్ని తిడుతూనే ఉన్నాడు. నువ్వూ అదే రాయి. గోన్షిరో వాళ్ళు నోరు విప్పరు."

"నాకు అన్నం సంగతి ఎవరూ చెప్పలేదత్తయ్యా."

"నాకు మాత్రం ఎవరు చెప్పారే? అప్పట్లో ఈ ఇంట్లోవాళ్ళు నన్నన్న మాటే నేనూ నిన్నన్నాను."

ఇత్సుయే కలం పట్టుకుంది. వేళ్ళు వంగకపోతే రెండు చేతులతో పట్టుకుంది. కునిజోకి నాలుగు ముక్కలు రాసింది.

"నీళ్ళు ఆగాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పెద్దక్క నా చేతుల్లోనే పోయింది. నక్క రాలేదు."

మినో ఆ కాగితం అడిగి తీసుకుని, చివరి ముక్క దగ్గర ఆగి, తనను లేపి కూర్చోబెట్టమంది. కింద ఖాళీలో వంకర అక్షరాలతో రాసింది.

"మీ నాన్నప్పుడు కూడా రాలేదురా."