మూడు రెగ్యులేటర్లకు ఎర్రచీటీ

ఒక్క మధ్యాహ్నంలో మూడు మంచి యంత్రాలు చెడిపోయాయని నమ్మించిన ఘనుణ్ణి నేను. నష్టం మాత్రం యంత్రాలకు కాదు, నాకే జరిగింది. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

కువైట్‌లో విమానం నడపడం నేర్చుకునే సైనికుల క్లాసులో నేను హెల్పర్ని. తుడవడం, టీ ఇవ్వడం, ఊపిరి పీల్చడం నా పనులు. మూడోది ఎగతాళి కాదండీ. శిక్షణ విమానంలో పైలట్ ముందు ఆక్సిజన్ రెగ్యులేటర్ ఉంటుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారే, ఇది పీల్చందే పెట్టదు. పీలిస్తే వాల్వు తెరుచుకుంటుంది, ఆపితే మూసుకుంటుంది. నేల మీద మామూలు గాలే ఎక్కువ కలిపి ఇస్తుంది, పైకి పోయేకొద్దీ ఆక్సిజన్ పెంచుతుంది. పీల్చినప్పుడల్లా దాని మీది చిన్న కిటికీ తెల్లబడుతుంది, వదిలితే నల్లబడుతుంది. హైదరాబాదాయన రహీం సార్ దాన్ని బల్లకు బిగించి పాఠం చెబుతుంటే, నేను హెల్మెట్, నల్లద్దం, మాస్కు తగిలించుకుని నెమరేసే ఎద్దులా నిదానంగా పీల్చాలి. ఇంత బాగా పీల్చేవాడు గల్ఫ్ మొత్తంలో లేడని నా గొప్ప.

ఆ రోజు క్లాసుకు ముందు ఫహాహీల్ వైపు ఆసుపత్రి నుంచి ఖాదర్ ఫోన్ చేశాడు. రాయచోటి వాడు, మా చిన్నాయన గదిలోనే ఉంటాడు. నన్ను ఈ దేశం తెచ్చి, పదేళ్ళు ఒకే పళ్ళెంలో కలుపుకుని తిన్న చిన్నాయన, గుండె జబ్బుతో అక్కడ పడి ఉన్నాడు.

"నిన్నే అడుగుతాండాడప్పా. డాక్టరు ఇంగ కష్టమంటాండాడు. యల్లా, బిన్నా రా!"

ఇదే కబురు మీద ఇదివరకు రెండుసార్లు సెలవు పెట్టి పరుగెత్తాను. రెండుసార్లూ చిన్నాయన మంచం మీద కూర్చుని బిస్కెట్లు తింటూ, "ఏందిరా, పని లేదా నీకు?" అన్నాడు. మూడోసారి ఏ మొహం పెట్టుకుని అడగను? అరగంట క్లాసే కదా, అయ్యాక పోదామనుకున్నాను.

మాస్కు పెట్టుకున్నానో లేదో ఏడుపు తన్నుకొచ్చింది. నల్లద్దం వెనక నా కళ్ళు ఎవరికీ కనబడలేదు కానీ, కిటికీ మాత్రం ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంది.

"గిదేంది తమ్మీ? మంచిగ పీలుస్తున్నవా?"

"మంచిగానే పీలుస్తాండా సార్. మిషన్లోనే యాదో ఉండాది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏడవలేక రెగ్యులేటర్ ఓడన్నాను. సార్ నమ్మాడు. "ఇది ఖలాస్" అని ఎర్రచీటీ కట్టి ఇంకోటి బిగించాడు. బిగించడానికి ఇరవై నిమిషాలు. అదీ కొట్టుకుంది.

"ఇది గూడ పాడైందా?"

"అట్లే ఉండాది సార్."

మరో ఎర్రచీటీ, మరో ఇరవై నిమిషాలు. మూడోదానికీ చీటీ కట్టాక, సార్‌కు మాస్కు మీద అనుమానం వచ్చింది. ఊడదీసి బోర్లిస్తే నీళ్ళు కారాయి. నల్లద్దం పైకెత్తి చూశాడు.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను.

"ఫోనెప్పుడొచ్చింది?"

"క్లాసుకు ముందర."

"అడగొద్దా? నేనేమన్న రాక్షసుణ్ణా?"

తన కార్లోనే తీసుకుపోయాడు. ఆసుపత్రి గుమ్మంలో ఖాదర్ నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడే, పావుగంట కిందట పొయినాడప్పా. నువ్వు దావలో ఉండావని చెప్తానే ఉన్న్యా. 'బస్సు దొరకలేదేమోలే పాపం, వాణ్ణేమనొద్దు' అన్న్యాడు."

నన్ను తిట్టి పోయినా బాగుండేది. ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

మర్నాడు మూడు రెగ్యులేటర్లనూ పరీక్షించారు. మూడూ భేషుగ్గా ఉన్నాయి. సార్ చీటీలు విప్పేసి రిజిస్టర్‌లో ఒకే ముక్క రాశాడు: "పీల్చిన మనిషికి బాగోలేదు."

కనుక అయ్యలారా, అమ్మలారా, అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట మా చిన్నాయన పోతున్నాడని వందసార్లు ఉత్త కబురొచ్చినా, వందసార్లూ సిగ్గు విడిచి సెలవడిగి పరుగెత్తుతాను. ఈ ఒట్టు తప్పే భయమేమీ లేదు. నాకున్నది ఒక్కడే చిన్నాయన.