నాయిన పెట్టిన కందెన

నాయిన దినాలు అయిన మర్నాడు పొద్దున్నే పికప్పుకు జాకీ పెట్టి ముందు ఎడమ చక్రం విప్పాను. చుట్టాల చెప్పులు ఇంకా గుమ్మం ముందే ఉన్నాయి. "ఇయ్యాలనే గావాల్నారా నీకు గా బండి?" అని అమ్మ అడిగింది. కావాలి. నాయిన నాతో ఆఖరిగా మాట్లాడింది ఆ చక్రం గురించే. అదెందుకు పట్టేసిందో, తప్పు ఆయనదో నాదో తేలకపోతే నాకు ముద్ద దిగేటట్టు లేదు.

తప్పు ఆయనదేనని మూడేళ్ళు ఊరంతా చెప్పుకుని తిరిగింది మాత్రం నేనే.

మాది కట్టంగూరు దగ్గర ఊరు. గొర్లే మా బతుకు. వాటిని అంగడికి తోలడానికి ఎవరో వాడిన పాత పికప్పు ఒకటి కొన్నాం. నడిపేది నేను, సాకేది నాయిన. నిజంగా సాకడమే! పొద్దున మందను చూసుకున్నట్టే బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను చేత్తో తట్టి చూసేవాడు. చేను గట్ల మీద ఆముదాలు వేసేవాడు. ఇంట్లో వండిన ఆముదం ఒక సీసాలో ఆయనకని విడిగా ఉండేది. తలుపు బందులకు అదే, బోరింగు పిడికి అదే, కాళ్ళ పగుళ్ళకూ అదే. గ్రీజు అన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెన ఒక్కటే ఆయనకు తెలుసు. ఇంజన్ ఆయిల్ మార్పించి వస్తే కూడా, "కందెన వెట్టిచ్చినవా బిడ్డా?" అనే అడిగేవాడు.

బ్రేకు సంగతి కొంచెం చెప్పాలి. ముందు చక్రాలకు లోపల క్యాలిపర్ అని ఒక ఇనుప దవడ ఉంటుంది. బ్రేకు తొక్కితే అది రెండు పిన్నుల మీద జరిగి డిస్కును పట్టుకుంటుంది, కాలు తీస్తే వదిలేస్తుంది. పిన్నులు బిగుసుకుపోయాయో, పట్టిన దవడ ఇక వదలదు. చక్రం కాలుతుంది, బండి ఆ పక్కకే గుంజుతుంది.

మూడేళ్ళ కింద ఒక అంగడి రోజు అట్లాగే గుంజింది. వెనక గొర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సూడి గొర్రె ఒకటి కాలు విరగ్గొట్టుకుంది. అంగడి పక్కన ఉండే మెకానిక్ భాయి ఎడమ చక్రం విప్పితే, తుప్పుతో పాటు ఆముదం వాసన గుప్పుమంది.

"నేనే వెట్టిన బిడ్డా. రెండు దిక్కులా వెట్టిన. కిర్రు కిర్రుమంటుండె," అన్నాడు నాయిన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆమ్దం వెట్టినవా? కందెన వెట్టనీకి ఇదేమన్న మీ అయ్య ఎడ్లబండా? ఇంకోసారి నా బండి మీద చెయ్యేస్తే మంచిగుండది, చెప్తున్న!"

ఆయన పొట్టేళ్ళు అమ్మి కొన్న బండిని నా బండి అన్నాను. అంత మంది మధ్యలో. మెకానిక్ భాయి ఏదో చెప్పబోతే, "నువ్వాగు భాయ్" అని అతని మీదా లేచాను. బేరగాళ్ళు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి అంగట్లో నాయిన పేరు "కందెన తాత" అయింది. ఆయన మాత్రం నెత్తి రుమాలు విప్పి, మళ్ళీ చుట్టుకుని, "మల్ల ముట్టనులే బిడ్డా," అన్నాడు.

ముట్టలేదు. ముట్టడమే కాదు, ఎక్కడం కూడా మానేశాడు. ఆ సాయంత్రం కాలు విరిగిన గొర్రెను ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో ఆటోలో ఇంటికొచ్చాడు. తర్వాత అంగడికి పోయినా, చుట్టాలింటికి పోయినా బస్సే. "ఎక్కు నాయినా" అని నేనూ రెండుసార్లు అన్నాను. "బస్సొస్తది గద," అన్నాడు. మూడోసారి అడగడానికి నా పౌరుషం అడ్డమొచ్చింది. ఏం పౌరుషమో, కాల్చనా!

ఆ అంగడి మర్నాడే ఎడమ పక్కకు కొత్త పిన్నులు, రబ్బరు తొడుగులు తెచ్చి, నా చేత్తోనే నల్ల గ్రీజు దండిగా కూరి బిగించాను. కుడి చక్రం విప్పే ఓపిక లేక వదిలేశాను.

పది పన్నెండు రోజుల కింద గొర్ల దొడ్డిలో నాయిన రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాను. మూడేళ్ళ తర్వాత బండెక్కాడు. హైవే మీదికి రాగానే, కళ్ళు మూసుకునే అన్నాడు: "ఎడమ చక్రం కాల్తాంది బిడ్డా. వాసనొస్తలేదా?"

"నువ్వు సప్పుడు జెయ్యకుండ కూసో నాయినా!" అని కసిరాను. భయంతోనే కసిరాను. కానీ ఆయనకు వినపడింది కసురే కదా. ఇంకాస్త దూరం పోయాక చక్రం దగ్గర పొగ లేచింది. బండి ఆపి, ఆయన కోసం తెచ్చిన తాగే నీళ్ళు చక్రం మీద పోసి, అది చల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను. దవాఖాన చేరి ఆయన వైపు తలుపు తీస్తే, నాయిన లేడు. సీట్లో అట్లాగే కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు అదే చక్రం ముందు కూర్చున్నాను. క్యాలిపర్ బోల్టులు తీసి, దాన్ని తాడుతో పైకి కట్టాను. పై పిన్ను కొంచెం సతాయించి వచ్చింది. కింది పిన్ను మాత్రం రానంది. డీజిల్ పోశాను, సుత్తితో కొట్టాను, చెయ్యి చెక్కుకుపోయింది. అంతలో పలకరించి పోదామని మెకానిక్ భాయి వచ్చాడు. నన్ను చూసి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గుంజకు భాయ్. జర ఇటు తిప్పు, జర అటు తిప్పు. సుతారంగ."

పానా పట్టి తిప్పీ తిప్పీ, చివరికి బయటికి తీశాం. పిన్ను మీద ఉండే చిన్న రబ్బరు తొడుగు ఉబ్బిపోయి ఉంది. భాయి దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు.

"ఏం గ్రీజు వెట్టినవ్?"

"బేరింగులకు వెట్టే నల్లది."

"గదే ఖరాబు జేసింది. గది తగిల్తే రబ్బరు ఉబ్బి పిన్ను జామైతది."

"మరి గప్పుడు నాయిన ఆమ్దం వెడితే గూడ జామాయె గద?"

"ఆమ్దం ఏంజేసె! గప్పుడు పై రబ్బరు చినిగి బురదనీళ్ళు లోపటికి వొయినయ్. గా దినం గదే చెప్పవోతే నువ్వు ఇన్నవా? రబ్బరుకు పెట్టే ఎర్ర గ్రీజు ఉంటది సూడు, గది గూడ ఆమ్దంతోనే చేస్తరు."

నేను లేచి పోయి కుడి చక్రం విప్పాను. నాయిన చెయ్యి పడ్డాక ఎవరూ తెరవని చక్రం అది. రెండు వేళ్ళతో పట్టుకుంటే పిన్నులు రెండూ మెత్తగా జారి నా చేతిలోకి వచ్చాయి. ముద్దలా చిక్కబడ్డ ఆముదం వాటికి ఇంకా అంటుకునే ఉంది. ఆ వాసనకు వెక్కి వెక్కి ఏడ్చాను. భాయి నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఏడుపు ఆగాక అమ్మను కేకేశాను. "అమ్మా, నాయిన ఆమ్దం సీసా ఏడున్నది?"

"ఇంకేడి సీసా? నువ్వు అంగట్ల తిట్టిన దినమే పెంట మీద పారవోసిండు. గట్ల మీద ఆమ్దాలు ఏసుడు గూడ గప్పుడే బంద్ జేసిండు. నువ్వు సూడలేదా?"

చూశాను. మూడేళ్ళుగా ఆ గట్ల మీదనే నడిచాను. పత్తికి నీడ పడుతుందని మానేశాడనుకున్నాను.

భాయి ఎడమ పక్కకు కొత్త తొడుగులు, ఎర్ర గ్రీజు తెప్పిస్తానన్నాడు. కుడివి కూడా తుడిచేసి కొత్తది పెడదామన్నాడు. వద్దన్నాను. నాయిన కందెనను అట్లాగే ఉంచి పిన్నులను మళ్ళీ ఎక్కించి, బోల్టులు బిగించాను. "తప్పు నాదే నాయినా," అన్నాను పైకే. అమ్మ విని, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది.