కొండబాబు మోరి, కరక్కాయ పూత

కొండబాబు మోరి అందుకుంటే థింసా ఆడేవాళ్ళ కాళ్ళు వాటంతటవే కలుస్తాయని అరకులోయలో చెప్పుకుంటారు. ఆ మాట అందరికంటే ముందు చెప్పేది కొండబాబే. సన్నాయిలా ఉండే ఆ వాద్యాన్ని తండ్రి దగ్గర నేర్చుకుని పెళ్ళిళ్ళలో, పండగల్లో, ఈమధ్య రిసార్టులకు వచ్చే పర్యాటకుల ముందు కూడా ఊదుతున్నాడు. కాఫీ తోట ఉంది గానీ, ఏం చేస్తావని ఎవరైనా అడిగితే తోట సంగతి ఎత్తడు.

ఒకసారి పెళ్ళివారి జీపులో నిలబడి మోరి ఊదుతూ ఘాట్ రోడ్డు దిగుతుంటే చక్రం గోతిలో పడింది. మోరి ఎదురుతన్ని పై వరసలో ముందు పన్ను ఊడగొట్టేసింది. నోరు కడుక్కుని ఆ పెళ్ళిలో మోరికి బదులు తుడుము డోలు వాయించి వచ్చాడు. కానీ మర్నాడు మోరి పెదవుల మధ్య పెట్టుకుంటే సందులోంచి గాలి బుస్సుమని పోయింది.

తీసి పెట్టుకునే కట్టుడు పన్ను వేయించుకున్నాడు. రిసార్టులో ఆట జోరు మీదుండగా అది ఎగిరి ఆడేవాళ్ళ కాళ్ళ మధ్య పడింది. చూసేవాళ్ళు ఫోన్లు ఎత్తి నవ్వారు. కొండబాబూ నవ్వి, పన్ను జేబులో వేసుకుని మళ్ళీ తుడుము అందుకున్నాడు. ఆ తర్వాత దవడ ఎముకలో స్క్రూ బిగించి పన్ను కట్టే ఇంప్లాంట్ చేయించుకున్నాడు. కొన్నాళ్ళకే చిగురు వాచింది, చీము పట్టింది, స్క్రూ వదులైపోయింది.

అప్పుడే పాడేరులో దంత వైద్య శిబిరం పెట్టారు. భార్య నిర్మల అతణ్ణి బలవంతాన తీసుకెళ్ళింది. అక్కడ చూసిన డాక్టర్ సుజానా పాడేరు అమ్మాయే, విశాఖలో ఒక దంత కళాశాలలో పరిశోధన చేస్తోంది. ఆ స్క్రూ తీసేసి, ఎముక పూడాక మళ్ళీ ప్రయత్నించవచ్చని చెప్పింది.

“ఈసారి మేము కొత్తగా పరీక్షిస్తున్న స్క్రూ వేస్తాను బాబాయ్, మీరు సరేనంటేనే. దాని మీద కరక్కాయతో చేసిన పూత ఉంటుంది.”

కొండబాబు పకపకా నవ్వాడు. “కరక్కాయా! మా తోట నిండా రాల్తాది. నూరి సిగురుకి రాసుకుంటే సాలదేటి?”

“అది పుక్కిలిస్తే పోతుంది కదా. ఇది ఎముక లోపల నిలవాలి,” అంది సుజానా. వెండి కరిగిన నీళ్ళలో కరక్కాయ రసం పోస్తే, దాని వగరుకి వెండి కంటికి కనబడనంత సన్నటి నలుసులుగా మారుతుందని, వాటినే నానో కణాలంటారని వివరించింది. ఆ నలుసులు అద్దిన స్క్రూ మీద సూక్ష్మక్రిములు తేలిగ్గా గూడు కట్టలేవు. “ల్యాబులో బాగా పనిచేసింది. మనుషుల్లో ఇప్పుడిప్పుడే చూస్తున్నాం. మీకు నిలుస్తుందని మాత్రం మాటివ్వలేను.”

“నువ్వియ్యకమ్మా. మాట నాను ఇత్తాను.”

“ఏమని?”

“సుట్ట మానేత్తాను. ఆ పొగకే సిగురు సెడిందని నువ్వు సెప్పకపోయినా నాకు తెలస్తంది.”

నిర్మల నోరెళ్ళబెట్టింది. “ఈ మాట రాసిచ్చెయ్ డాక్టరమ్మకి!”

మానడం అంత తేలిక కాలేదు. చెయ్యి ఊరికే చొక్కా జేబులోకి వెళ్ళేది. పాతది తీసి, ఎముక పూడాక వేసిన కొత్త స్క్రూ కుదురుకునేదాకా మోరి ఊదకూడదని సుజానా ఖాయంగా చెప్పింది. అందుకని పొద్దువాలాక అరుగు మీద కూర్చుని, మోరి నోటికి ఆనించకుండా రంధ్రాల మీద వేళ్ళు ఆడించేవాడు. పక్కన చిక్కుళ్ళు ఒలుస్తూ నిర్మల ఆ పాట కూనిరాగం తీసేది. వేలు తప్పు పడితే ఆగి, “అదేటి, మలుపు మర్సిపోనావా?” అనేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు తన పాటలన్నీ ఇంత కచ్చితంగా వచ్చని కొండబాబుకు అప్పుడే తెలిసింది.

ఎక్స్‌రేలో ఎముక స్క్రూని గట్టిగా పట్టుకుందని తేలాక పైన పన్ను అమర్చారు. మోరి ఊదవచ్చన్నారు. ఊదితే గాలి ఎక్కడా పోలేదు, కానీ నాదం వంకరగా వచ్చింది. కొండబాబు కంగారు పడలేదు, నాలుకతో పన్ను తడిమి చూసుకున్నాడు. సొంత పన్ను మోరి కొసనుండే పీక వణుకుని చిగురుకి చెబుతుంది. కొత్త పన్ను ఏమీ చెప్పదు. “ఇది మూగది. పెదవితో ఇనాల,” అని నిర్మలతో అని, కాఫీ మొక్కల మధ్య నిలబడి రోజూ సాధన చేశాడు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకి ఊరంతా చేరింది. కొండబాబు ఊదాడు. చేతులు నడుముల వెనక అల్లుకున్న వరస వంపు తిరిగింది, విచ్చుకుంది, మళ్ళీ ముడుచుకుంది. ఆడి అలసిన పిల్లలు కూర్చుందామన్నా అతను వదల్లేదు. చుట్టాలింటికి వచ్చిన సుజానా కూడా ఆ వరసలో చేరితే అడుగు తడబడింది. “బేగి కలుపమ్మా!” అని కేకేసి మళ్ళీ ఊదాడు.

ఆట ఆగాక ఆమె చెమట తుడుచుకుంటూ అంది: “మా పరీక్షలో ఒకరికి ఈ స్క్రూ నిలవలేదు బాబాయ్. మీకు నిలిచింది పూత వల్లో, చుట్ట మానడం వల్లో ఇప్పుడే చెప్పలేను. ఇంకా చాలామందికి చూడాలి.”

“సూడు తల్లీ, తీరిగ్గా సూడు. నువ్వు పిలిసినప్పుడల్లా వచ్చి నోరు తెరుస్తాను,” అన్నాడు కొండబాబు. మోరి తుడిచి, పీక సరిచేసి, పిల్లలు అడుగుతున్న కొత్త పాట ఏదో నిర్మలను ఓసారి పాడి వినిపించమన్నాడు.