లూపు కుట్టని కోటు

అబ్బులు అనగానే నాకు ముందు అతని ప్రశ్నలే గుర్తొస్తాయండి. పాత గాజువాకలో బస్సు ఆగేచోటికి ఎదురుగా, సైకిలు షాపుకీ కిళ్ళీ బడ్డీకీ మధ్య, ఒక్క మిషను పట్టేంత కొట్టు అతనిది. గుడ్డ ఇచ్చేసి పోదామంటే కుదరదు. "కుర్సీలో కూకుంతారా బాబూ, నిలబడి పన్జేత్తారా? బస్సు మీద వత్తారా, సైకిలు మీదా?" అని మొదలెడతాడు. నాకసలే ఓపిక తక్కువ. "ప్యాంటు కుట్టవయ్యా అంటే పెళ్ళిచూపుల్లా ఏమిటిది!" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. కానీ అబ్బులు కుట్టిన ప్యాంటు సైకిలు తొక్కితే చిరగదు, కూర్చుంటే పట్టేయదు. అందుకని సణుక్కుంటూనే అక్కడికే వెళ్ళేవాణ్ణి.

నా పేరు నరసింహమూర్తి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో మెకానికల్ ఫోర్‌మన్‌గా వచ్చి, గాజువాకలో అద్దెకి దిగాం. ఎనభై మూడు అక్టోబరులో నాకో కాగితం వచ్చింది. రష్యాలో ఓ ఉక్కు కర్మాగారంలో అయిదు నెలలు ట్రైనింగు, డిసెంబరులో ప్రయాణం. విమానంలో మనిషికి ఇరవై కిలోలే. అందులో ఆరు కిలోలు మా ఆవిడ నాగమణి ఆవకాయకీ కందిపొడికీ చింతపండుకీ ముందే రిజర్వు చేసేసింది. ఇక బట్టలకి మిగిలిందెంత? రైలెక్కేటప్పుడు ఇక్కడ ఉక్క, ఢిల్లీలో దిగితే వణుకు, అక్కడ మోకాలి లోతు మంచు. మూడు చోట్లకీ పనికొచ్చేలా ఒక్క కోటే పట్టుకెళ్ళాలి.

ఆ మాట చెప్పేసరికి అబ్బులు కళ్ళు వెలిగిపోయాయి. "అక్కడ శలి ఎలగుంటాది బాబూ? పైనుంచి వత్తాదా, కిందనుంచి వత్తాదా?"

"నాకేం తెలుసయ్యా? నేనేమన్నా అక్కడ పుట్టానా?"

"మరి తెలవకుండా కుట్టీడం ఎలగ?"

అది మొదలు పదిహేను రోజులు నా ప్రాణం తోడేశాడు. పోర్టులో దిగే విదేశీ నావికులు అమ్ముకునే పాత కోట్లు పూర్ణా మార్కెట్లో దొరికేవి. అలాంటిదొకటి కొనుక్కొచ్చి, కుట్టు కుట్టూ విప్పేసి, ముక్కలన్నీ నేలమీద పరిచి చూసుకున్నాడు. పైన మందపు గేబర్డీను గుడ్డ, లోపల సిల్కు, మధ్యలో దూది పరిచి గళ్ళు గళ్ళుగా కుట్టి, నాకో కోటు తయారు చేశాడు. నాలుగు కిలోలు తూగింది. అయినా తృప్తి లేదు. "శలిలో ఏసుకుని సూడాల," అన్నాడు.

విశాఖపట్నంలో చలెక్కడిదండీ! ఎక్కడుందో అబ్బులుకి తెలుసు. అతని బావమరిది ఎల్లాజీ చేపల రేవులో రొయ్యల కంపెనీలో పనిచేసేవాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు మాడ్చేస్తుంటే, నన్నక్కడికి తీసుకెళ్ళి, కోటు తొడిగి, రొయ్యల పెట్టెలుండే ఐసు గదిలో బల్ల వేసి కూర్చోబెట్టాడు. తనేమో ఉత్త చొక్కా మీద గోనెపట్టా కప్పుకుని, సుద్దబిళ్ళ పట్టుకుని నా చుట్టూ తిరిగాడు.

"సెప్పండి బాబూ, ఎక్కడ దూరతంది? మెడకాడా? సంకకాడా?"

"మెడ... మెడ దగ్గర! తలుపు తియ్యవయ్యా మహానుభావా!"

మెడ దగ్గర సుద్దతో ఇంటూ మార్కు పెట్టాడు. మణికట్ల దగ్గరొకటి, గుండీల వరస మీద మూడు. నా పళ్ళు టకటకలాడుతుంటే అతనేమో వేలితో నొక్కి చూస్తూ, "ఇక్కడ నేదు గదా? ఇక్కడ?" అని అడుగుతున్నాడు. బయటపడి ఎండలో నిలబడి చెడతిట్టాను. తిట్లన్నీ విని, "రష్యాలో శలి ఇంతకన్నా ఎక్కువంతారా?" అన్నాడు. ఆ మార్కులున్న చోటల్లా పట్టీలు వేసి, కాలరు పెంచి ఇచ్చాడు.

నిజం చెప్పాలి కదా. బయటి చలికి ఆ కోటు గోడలా నిలబడిందండి. తేడా కొట్టింది లోపల. అక్కడ ఇల్లు గాని, ఆఫీసు గాని, లోపల అడుగు పెడితే మన మే నెలే. గొట్టాల్లో వేణ్ణీళ్ళు పారించి గదులన్నీ కాగబెట్టేస్తారు. అందుకని ఎక్కడికి వెళ్ళినా గుమ్మంలోనే కోటు విప్పి, ఆ పనికే కూర్చున్న మనిషికి అప్పగించాలి. మా ట్రైనింగు భవనంలో ఓ ముసలావిడ ఉండేది. కోట్లు తీసుకుని కొక్కేలకి తగిలించేది. మొదటిరోజు నా కోటు తీసుకుని కాలరు కింద తడిమింది. కొక్కేనికి తగిలించే గుడ్డ లూపు లేదు. ఇక చూడండి, అంతమందిలో గయ్యిమంది! "ఏమంటోంది?" అని దుబాసీని అడిగాను. "లూపు కుట్టి పంపే మనిషి మీ ఇంట్లో లేదా అంటోంది," అన్నాడతను.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాగమణిని అంటుందా! ఆ మర్నాటి నుంచి కోటు ఇవ్వడం మానేశాను. ఒంటిమీదే ఉంచుకుని క్లాసులో కూర్చునేవాణ్ణి. ఆవిడ వెనకాల కేకలేస్తున్నా విననట్టే పోయేవాణ్ణి. లోపల చెమట ధారలు కట్టేది. సాయంత్రం ఆ తడి దూదితోనే మంచులోకి. దూది తడిస్తే ఆరదు కదండీ. పన్నెండో రోజుకి జ్వరం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో పడున్నాను. రెండు రోజులు మాట కూడా లేదట.

చూడ్డానికి ఎవరొచ్చారనుకున్నారు? ఆ ముసలావిడే. గిన్నెలో వేడి గంజిలాంటిదేదో తెచ్చి, తిడుతూనే తాగించింది. నా కోటు పట్టుకుపోయి మూడు రోజులకి తెచ్చింది. దూది అస్తరంతా ఊడదీసి, విడిగా చేతుల్లేని కోటులా కుట్టి, లోపల గుండీలతో తగిలించింది. కావాలంటే ఉంచుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. కాలరు కింద నల్లటి లూపు. మిగతా నాలుగు నెలలూ రోజూ నా కోటు ఆవిడే తగిలించింది. నేను దండం పెట్టేవాణ్ణి, ఆవిడేదో గొణిగేది.

మే నెలలో తిరిగొచ్చాను. బస్సు దిగీ దిగకుండానే అబ్బులు ఎదురొచ్చాడు. "శలి దూరిందా బాబూ?" పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లాడిలా ఉంది మొహం. ఆ మొహం చూసి జబ్బు సంగతి చెప్పలేకపోయాను. పైగా నా పౌరుషమే నన్ను పడుకోబెట్టిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "దివ్యంగా ఉందయ్యా! ఎక్కడా దూరలేదు," అనేశాను. కోటు చూపించమంటే పెట్టె అడుగున ఉందనీ, తర్వాత తెస్తాననీ తప్పించుకుంటూ వచ్చాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

అక్టోబరులో ఓసారి కొట్టుకి వెళితే గోడకి కోటు వేలాడుతోంది. అదే గేబర్డీను, అదే దూది, అవే గళ్ళు. బల్లమీద ఒకావిడ కూర్చుని ఉంది.

"మా అప్ప జోగమ్మ," అన్నాడు అబ్బులు. "మా మేనల్లుడు జగ్గారావు లేడా, ఆడికీ రష్యా పడింది, మీరెళ్ళిన కాడికే. వచ్చే నెల పదో తారీకున పయనం. మీరు బాగుందన్నారు గదా. అచ్చం అలగే కుట్టీసినాను."

జోగమ్మ నాకేసి చూసింది. వాళ్ళ భూమి ప్లాంటు కింద పోతే వచ్చిన ఉద్యోగం ఆ కుర్రాడిది. తండ్రి లేడు. "సిన్నప్పుడు ఆడికి రొమ్ము పట్టీసి బతుకుతాడనుకోనేదు బాబూ," అంది. "నాను పంపనన్నాను. శలి సంగతి నా పూసీ అని మా తమ్ముడు ఒట్టేసినాడు. మీరు ఏసుకెళ్ళి సల్లగా వచ్చినారు, మరింక నాకు బెంగనేదు."

తల ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలిపాను. నాగమణి ఊరుకునే మనిషి కాదు, గుచ్చి గుచ్చి అడిగి మొత్తం లాగింది. ఆసుపత్రి సంగతి వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ వెంటనే విరుచుకుపడింది. "నాకు చెప్పలేదు సరే, నేను పడతాను. ఆ తల్లికి ఏం చెబుతారు? మీ మాట మీద కుట్టిన కోటది. లేవండి, ఇప్పుడే వెళ్ళండి!"

పెట్టె అడుగునుంచి కోటు తీసి పట్టుకెళ్ళి మిషను మీద పెట్టాను. చెబుదామని నోరు తెరిచేలోపు అబ్బులు దాన్ని తిరగేశాడు. చంకల దగ్గర తెల్లగా ఉప్పు చారలు. వేలితో రుద్ది, నాలిక్కి రాసుకున్నాడు.

"శలి దేశంలో సెమటేటి బాబూ?"

అప్పుడు చెప్పాను, మొత్తం. అబద్ధంతో సహా. తిడతాడనుకున్నాను, కొట్టినా పడేవాణ్ణి. అబ్బులు నెత్తిన చెయ్యేసుకుని కూలబడ్డాడు. "నాను శలొక్కటే అడిగినాను. లోన ఎలగుంటాదని అడగనేదు," అన్నాడు. ఊళ్ళో ఉన్న ప్రశ్నలన్నీ అడిగిన మనిషి, ఆ ఒక్కటీ వదిలేసినందుకు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు సిగ్గేసింది.

కాసేపటికి ముసలావిడ వేసిన కుట్లు వెలుతురుకి పెట్టి చూడ్డం మొదలెట్టాడు. చూస్తూ చూస్తూ, "ఈవిడది ఎడంసెయ్యి," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"కుట్టు ఎటు వాలిందో సూడండి. మీరు రోజూ కోటిచ్చీవోరు, సూడనేదేటి?"

నాలుగు నెలలు! రోజుకి రెండుసార్లు! నేను చూడలేదండి. గాజువాకలో కూర్చుని అతను చూశాడు.

అబ్బులు జగ్గారావు కోటుని ఆ పూటే విప్పేశాడు. దూది తీసేసి ఉన్నికంబళి ముక్కలతో విడిగా చేతుల్లేని కోటు కుట్టాడు. ఢిల్లీలో పైది ఒక్కటే, మంచులో రెండూ, క్లాసులో లోపలిది కూడా విప్పేసి చొక్కాతో. పడుకునేటప్పుడు మడతపెడితే తలగడ. ప్రయాణం ముందురోజు నన్ను పిలిచి చూపించాడు. అన్నీ బాగున్నాయి గాని, కాలరు కింద లూపు లేదు. అక్కడ సుద్దతో ఇంటూ మార్కు మాత్రం ఉంది.

"మతి పోయిందా నీకు? అది లేకే కదా నేను చావుదాకా వెళ్ళొచ్చింది!"

"మీరు రోసపడి కోటివ్వనేదు బాబూ. ఈడికి సెప్పినాను. మొదట్రోజే ఆవిడికిచ్చీ, తిడితే నోరు మూసుకుని పడు అని. తిట్టినావిడే గదా మీకు గంజి తాగించింది. ఆ దేశంలో ఈడికి మాత్రం ఎవరున్నారు? ఆ లూపు నాను కుట్టీసినాననుకోండి, ఆవిడికి ఈడితో పనేటి?"

జగ్గారావు వెళ్ళిన అయిదు నెలలూ బాగున్నానని ఉత్తరాలు వచ్చినా అబ్బులుకి నమ్మకం కుదరలేదు. బాగున్నానని నేను కూడా రాశాను కదా మరి.

మళ్ళీ ఏప్రిల్లో జగ్గారావు వచ్చాడు. తల్లితో కలిసి కొట్టుకొస్తే నన్ను కూడా కబురుపెట్టి పిలిచాడు అబ్బులు. కుర్రాడు కాస్త ఒళ్ళు చేశాడు, బుగ్గలు ఎర్రబడ్డాయి. అబ్బులు అతని మొహమే చూడలేదు. కోటు లాక్కుని, తిరగేసి, చంకలు వెలుతురుకి పెట్టాడు. ఉప్పు చార లేదు. ముక్కుకి ఆనించి వాసన చూశాడు. అప్పుడు వచ్చాయండి అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి. తర్వాత కాలరు కింద తడిమాడు. లూపు ఉంది. ఎడమచేతి కుట్టు.

"ముసిలమ్మ బాగుందేట్రా?"

"బాగుంది మావా. మొదట్రోజే తిట్టీసింది. ఇంత పనిమంతుడు ఇదెలగ మరిసిపోయినాడని కోటంతా తిరగేసి సూసింది. నువ్వు సెప్పమన్నట్టే దుబాసీ సేత సెప్పించీసినాను. మరిసిపోనేదు, నీకోసరమే ఒగ్గీసినాడని."

"ఏటంది?"

"ఏటంతాది, సూది తీసింది. ఆ సుద్ద మార్కు మీదే కుట్టింది. మరి ఆ రోజు కాణ్ణించీ టోపీ పెట్టుకున్నానా నేదా అని సూసీది, సేతితొడుగులు సూసీది. నాను రావడం ఆలస్యమైతే తలుపుకాడ నిల్చునీది."

"ఆవిడ పేరేటి?" అని అడిగాడు అబ్బులు. నేను తల దించుకున్నాను. అయిదు నెలల్లో నేనది అడగలేదు.

"నీనా అంతారు. నాను నీనమ్మా అని పిలిసీవోణ్ణి. పలికీది."

జోగమ్మ కోటు తమ్ముడి చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. లూపుని రెండు వేళ్ళతో పట్టుకుని కొడుకు వంక చూసింది.

"తలుపుకాడ నిల్చునీదా?" అంది. "ఏదీ, ఇంకోపాలి సెప్పు."